పంటికిని కంటికిని గల చుట్టఱికము

పైదవడయందలి పన్ను పెఱికించుకొన్నచో కంటిచూపు మందగించునను నమ్మకము మనలో చాలమందికి గలదు. పెద్దలు చెప్పగా పిన్నలు వినిరి. ఆ పిన్నలు పెద్దలై తమ పిల్లలకు జెప్పిరి. బందరునకు సముద్రద్వారమైన గిలకలదిండి మొదలుకొని గుడివాడ పొలములవఱకును, కృష్ణ పాయల నడుమనున్న దివిసీమ వఱకును ఈ మాట వినని వారరుదు. చదువుకొన్నవారు దీనిని మూఢవిశ్వాసమని యొక్క మాటతో త్రోసివేయుదురు. కాని త్రోసివేసినంతమాత్రమున నమ్మకము పోదు. పన్ను నొచ్చిన రాత్రి అది మరల వచ్చి మంచముకడ నిలుచును. కావున ఈ వెఱపు ఎచ్చట బుట్టినది, ఒకప్పుడు దానికి ఆధారమేమైన నుండెనా, నేడా యాధారము మిగిలియున్నదా యని విచారించుట మంచిది. ఈ మూడు ప్రశ్నలకును చరిత్రయందు సమాధానము దొరకుచున్నది.

మొదటి ప్రశ్నకు సమాధానము మన వైద్యగ్రంథములలోనే కలదు. సుశ్రుతసంహిత ముఖరోగములను అఱువదియైదుగా లెక్కించినది. వానిలో దంతమూలమునకు సంబంధించినవి పదునైదు, దంతములకు సంబంధించినవి యెనిమిది. నూటయొక్క యంత్రములను, ఇరువది శస్త్రములను జెప్పిన యా గ్రంథమున దంతశంకువను పేరుగల శస్త్రము ప్రత్యేకముగా నొకటి కలదు. కడపటి దంతముకడ గొప్ప వాపును, తీవ్రమైన నొప్పియు, చొల్లు కాఱుటయు గలిగిన వ్యాధికి అధిమాంసమని పేరు పెట్టి, అచ్చట పెరిగిన మాంసమును ఛేదింపవలెనని సుశ్రుతుడు విధించెను. నేడు జ్ఞానదంతము సగము మాత్రమే మొలచి పైనున్న చిగురు వాచినప్పుడు వైద్యుడు చూచునది యీ లక్షణములనే. అధికముగా మొలచిన దంతమును పెఱికి, ఆ తావును అగ్నితో గాల్చవలెననియు, దంతమూలమున చీమునాళము పుట్టినచో ఆ దంతమును దీసివేయవలెననియు గూడ విధులు కలవు.

ఈ సందర్భముననే సుశ్రుతుడు మనము వెదకుచున్న మాటను చెప్పియున్నాడు. ఎగువ దంతము కదలుచున్నను వైద్యుడు దానిని పెఱుకరాదట. పెఱికినచో రక్తము మిక్కిలిగా స్రవించి ఘోరవ్యాధులు గలుగుననియు, రోగి యొంటికంటివాడగుననియు, వానికి ముఖము వంకరపోవు అర్దితవాతము వచ్చుననియు నాతని హెచ్చరిక. ఇది నేడు మన యిండ్లలో వినబడు నమ్మకమే. దీనిని పుట్టించినవాడు మంత్రగాడు కాడు. శవమును పరీక్షించి శరీరనిర్మాణమును తెలిసికొనవలెనని శాసించిన శస్త్రవైద్యుడు. శిష్యులు పెఱుకుటను పనసపండు, దొండపండు, మారేడుపండుల గుజ్జులపైనను, చచ్చిన పశువుల దంతములపైనను అభ్యసింపవలెనని నియమించినవాడాతడే. అట్టివాడు పలికిన మాటను వట్టి వెఱ్ఱియని త్రోసివేయుటకు వీలులేదు. ఆ మాట అనుభవమునుండి వచ్చియుండవలెను.

ఈ భయము మన దేశమునకే ప్రత్యేకమైనదా యనిన, అదియు గాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమునగరమున సెల్ససు అను గ్రంథకర్త లాటినుభాషలో వైద్యశాస్త్రమును వ్రాసెను. పన్ను దీయుటకు ముందు దాని చుట్టునున్న చిగురును విడదీసి, వదులగువఱకు మెల్లగా గదలింపవలెననియు, గట్టిగానున్న దంతమును బలవంతముగా లాగుట ప్రమాదకరమనియు జెప్పి, పైదంతముల విషయమున ఆ ప్రమాదము మఱింత యెక్కువ, ఏలయన కణతలకును కన్నులకును అదరుపాటు తగులవచ్చునని యాతడనెను. పదునాఱవ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు రాజవైద్యుడైన ఆంబ్రువాజు పారే గూడ బలాత్కారముగా పన్ను లాగినచో దవడ తొలగుననియు, మెదడునకును కన్నులకును దెబ్బ తగులుననియు హెచ్చరించెను. ఇంగ్లీషువారు నేటికిని పైదవడ కోఱపంటిని కంటిపన్ను అనియే పిలుచుచున్నారు. గంగాతీరమునను, టైబరు నదీతీరమునను, పారిసులోను ఒకే భయము కనబడుచున్నదన్నచో దానికి లోకసామాన్యమైన కారణము కొంత యుండెనని మనమూహింపవలసియున్నది.

ఆ కారణమును దెలిసికొనుటకు పూర్వము పన్ను పెఱుకుట యెవరి చేతిలో నుండెనో చూడవలెను. శాస్త్రమున నెట్లు వ్రాసియున్నను లోకమున నీ పని పండితవైద్యుల చేతినుండి జాఱిపోయినది. మన గ్రామములలో కురుపు కోయుట, నెత్తురు దీయుట మొదలగునవి మంగలివారి వృత్తిలో జేరినవి. క్షౌరకత్తి పట్టిన చేతికే పుండుకోయు కత్తియు దక్కెను. వారిలో నేర్పరులు లేకపోలేదు. కాని వారి నేర్పునకు బడి లేదు, పుస్తకము లేదు, సంఘమున గౌరవమును లేదు. ఇంగ్లండులోను సంగతి యిట్టిదే. 1540 వ సంవత్సరమున ఎనిమిదవ హెన్రీ కాలపు చట్టము మంగలివారిని, శస్త్రవైద్యులను ఒకే సంఘముగా గూర్చుచు, మంగలివారు శస్త్రచికిత్స చేయరాదని నిషేధించినది. అయితే పండ్లు పెఱుకుటను మాత్రము వారికి విడిచిపెట్టినది. అనగా శస్త్రవైద్యుల గౌరవమునకు దగని పనిగా అది యెంచబడెనన్నమాట. ఆ రెండు వృత్తులు మరల వేఱుపడినది 1745 లో. సంతలలో వేదిక వేసికొని, బాకాలూది, రోగి కేకలు వినబడకుండ జేసి పండ్లు పెఱుకువారు ఐరోపాఖండమంతట సంచరించుచుండిరి.

మన తీరమునకును ఈ చరిత్రతో సంబంధము కలదు. ఇంగ్లీషు తూర్పుఇండియా కుంపిణీవారి గ్లోబు అను నౌక 1611 లో మచిలీపట్టణపు రేవునకు వచ్చి అచ్చట వర్తకశాలకు పునాది వేసెను; డచ్చివారు అంతకు కొలది యేండ్లు ముందే వచ్చియుండిరి. ఇచ్చట సముద్రము తీరముకడ లోతులేనిది గావున పెద్ద నౌకలు దూరమున లంగరు వేయ, సరకును మనుష్యులును పడవలమీద ఒడ్డు చేరుచుండిరి. ఆ కుంపిణీ నౌకలలో వైద్యులుండిరి. వారి కొఱకు కుంపిణీవారి ప్రథమ సర్జను జనరలైన జాను వుడాలు 1617 లో నొక గ్రంథమును బ్రకటించెను. ఓడవైద్యుని పెట్టెలో నుండవలసిన పనిముట్లను వరుసగా జెప్పుచు, పండ్లు పెఱుకుటకు కాకిముక్కు పటకారులు, పెలికనను కొక్కెములు, వేళ్లను లేపు మొనలు, చిన్న ఆకురాళ్లు మున్నగువానిని అతడు పేర్కొనెను. ఇట్టి పెట్టెలు గల నౌకలే బందరు రేవుకట్ట నిలిచినవి. ఆ పెట్టెలోని యినుము మంచిదే. అయినను నొప్పి నడచు మందు గాని, చీమును అరికట్టు మందు గాని దానిలో లేవు.

కత్తి పట్టిన యోడవైద్యుడు మన దేశచరిత్రలో నెంత పని చేయగలిగెనో తెలుపు కథ యొకటి దివిసీమను గూడ స్పృశించుచున్నది. 1715 లో కలకత్తానుండి ఢిల్లీకి బోయిన ఇంగ్లీషు రాయబారులవెంట విలియం హామిల్టను అను సర్జను వెళ్లి, ఫరూఖ్‌సియరు చక్రవర్తికి గజ్జలలోని వాపును నయము చేసెను. 1717 లో కుంపిణీవారు పొందిన ఫర్మానాలో మచిలీపట్టణము చెంతనున్న దివిద్వీపముగూడ జేరియుండెను. అయితే అది యప్పుడు వారి స్వాధీనములోనికి రాలేదు. ఫర్మానా దొరకుటకు హామిల్టను చికిత్సయే కారణమని లోకులు చెప్పుకొనగా, చరిత్రకారులు రాజకీయ కారణములను గూడ జూపుచున్నారు. ఏదెట్లయినను, ఒక్క మంచి కోతకు పరగణాలు వెలకట్టబడిన కాలముననే పంటికోత మాత్రము సంతలలోని వినోదముగా నుండెను.

ఇక రెండవ ప్రశ్న. పన్ను పెఱికించుకొనుటకు భయపడుటకు ఆ దినములలో నాలుగు కారణములుండెను: తెలియని చేయి, ఓర్వరాని నొప్పి, నిలువని నెత్తురు, ఆపై పట్టు చీము. ఈ నాలుగును నిజములే. వీనికి వెఱచినవాడు మూఢుడు గాడు, వివేకి. పదునెనిమిదవ శతాబ్దమున వాడుకలోనికి వచ్చిన పంటితాళపుచెవి యను పనిముట్టు తాళము త్రిప్పినట్లు పంటిని ప్రక్కకు మెలిపెట్టుచుండెను. పంటితోగూడ దవడయెముక ముక్కయు, చిగురును ఊడివచ్చుటయు కలదు. అట్టి కాలమున పైపన్ను తీయవలదని సుశ్రుతుడు చెప్పినట్లే పాటించినవాడు కొన్ని ప్రాణములనైనను నిలిపియుండును. అయితే ఆ నాలుగు కారణములలో నేడెన్ని మిగిలియున్నవి?

తెలియని చేతి సంగతి మొదట చూతము. ప్రతి పంటి మెడకును సరిపడునట్లు వేఱువేఱుగా మలచిన పటకారులను ఇంగ్లండులో జాను టోమ్సు 1841 ప్రాంతమున వివరించెను. అప్పటినుండి తాళపుచెవి క్రమముగా మూలబడినది. దంతవైద్యమునకై ప్రత్యేకమైన తొలి కళాశాల 1840 లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున నేర్పడెను. మన దేశమున ఆ పుణ్యము కట్టుకొన్నవారు డాక్టరు రఫీయుద్దీను అహమ్మదుగారు. వారు 1920 లో కలకత్తాలో దంతవైద్యకళాశాలను స్థాపించిరి. చట్టము చాల వెనుకగా వచ్చినది. 1939 లో బెంగాలు దంతవైద్యుల చట్టమును, 1948 మార్చి 29 వ తేదీని దేశమంతటికిని దంతవైద్యుల చట్టమును అమలులోనికి వచ్చినవి; ఆ చట్టము స్థానమున వేఱొక సంఘమును ఏర్పఱచుటకై 2023 లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్యకళాశాల 1959 లో నేర్పడెను. నేడు విజయవాడలోను, గన్నవరము చెంత చినఆవుటపల్లిలోను దంతవైద్యకళాశాలలు కలవు. 2023 సెప్టెంబరున బందరులోనే ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. కనుక తెలియని చేతికి పంటి నప్పగింపవలసిన యగత్యము కృష్ణాజిల్లా వారికిక లేదు.

నొప్పి విషయమున దంతవైద్యులు లోకమంతటికిని ఉపకారము చేసిరి. మత్తుమందు చరిత్రలోని తొలి పేర్లలో రెండు పండ్లు దీయువారివే. 1844 డిసెంబరు 11 వ తేదీని అమెరికాలోని హార్టుఫోర్డున హొరేసు వెల్సు అను దంతవైద్యుడు నైట్రసు ఆక్సైడు వాయువును బీల్చి, తన పంటినే స్నేహితునిచే దీయించుకొని నొప్పి తెలియలేదని చాటెను. 1846 అక్టోబరు 16 వ తేదీని బోస్టనులో మోర్టను అను మఱియొక దంతవైద్యుడు ఈథరును వాసన చూపి, శస్త్రవైద్యుడు మెడపై గడ్డను కోయుచుండగా రోగి కేక వేయకుండ జేసెను. ఆ మఱుసటి యేడు క్లోరోఫారము వచ్చెను. దాని గుణదోషములను విచారించుటకు 1888, 1889 సంవత్సరములలో మన తెలుగుగడ్డమీదనే హైదరాబాదు నగరమున రెండు సంఘములు కూర్చుండినవి. ఆఱవ నిజాము ధనమిచ్చెను. డాక్టరు ఎడ్వర్డు లారీ నడిపించెను. రెండవ సంఘమునకు లండనునుండి లాడరు బ్రంటను వచ్చెను. రూపాబాయి ఫర్దూన్జీ యను వైద్యురాలు ఆ పరిశోధనలలో బాల్గొనెను. క్లోరోఫారము గుండెను నేరుగా నిలుపదని ఆ సంఘము చేసిన నిర్ణయము తరువాతి పరిశోధనలవలన తప్పని తేలినది; అయినను మత్తుమందును జాగ్రత్తతో వాడవలెనను విచారమునకు అది లోకమును పురికొల్పెను.

అయితే ఒక్క పంటికై మనిషినంతను నిద్రపుచ్చుట ప్రమాదముతో గూడిన పని. ఆ చిక్కును విడదీసిన మార్గము, చిత్రమేమనగా, కంటినుండియే వచ్చినది. 1884 లో వియన్నానగరమున కార్లు కోలరను యువవైద్యుడు కొకైను ద్రవమును కంటిలో వేసిన కన్ను స్పర్శ గోల్పోవుననియు, అప్పుడు నొప్పిలేకుండ కోయవచ్చుననియు గనిపెట్టెను. కొలదిమాసములలోనే న్యూయార్కులో హాల్‌స్టెడు అను శస్త్రవైద్యుడు అదే మందును సూదితో క్రిందిదవడ నరముకడ ఎక్కించి ఆ ప్రక్క పండ్లనన్నిటిని మొద్దుబాఱజేసెను. కొకైను అలవాటై మనుష్యుని చెఱుచునది గావున, 1904 ప్రాంతమున జర్మనీలో ఐన్‌హార్ను ప్రొకైనును, 1943 లో స్వీడనులో లోఫ్‌గ్రెను లిగ్నొకైనును దయారు చేసిరి. నేడు బందరులోనైనను గుడివాడలోనైనను పన్ను దీయుటకు ముందు ఇచ్చు సూదిమందు సాధారణముగా నీ లిగ్నొకైనే. పన్ను కన్నును చెఱుచునని మనము భయపడుచుండగా, కన్నునకై పుట్టిన మందు పంటికి మేలు చేసినది!

నెత్తురును, చీమును అదుపులోనికి వచ్చుట మూడవ ఘట్టము. గాయము కుళ్లుటకు కంటికి గనబడని క్రిములు కారణమని తెలిసి 1867 లో లిస్టరు శస్త్రములను, గాయమును శుద్ధిచేయు పద్ధతిని బ్రకటించెను. 1895 లో రాంట్‌జెను కనిపెట్టిన ఎక్సుకిరణములతో మఱుసటి జనవరిలోనే వాల్కోఫు అను జర్మను దంతవైద్యుడు తన పండ్లకు బొమ్మ దీసికొనెను. ఇరువదియైదు నిమిషములు కదలక కూర్చుండవలసివచ్చెను. నేడది క్షణములోని పని. పంటివేరు వంకరయా తిన్ననా, ముక్కుప్రక్కనున్న యెముకగుహ కెంత దూరమున నున్నది యను సంగతి పటకారు పట్టకమునుపే తెలియును. 1928 లో ఫ్లెమింగు కనిపెట్టిన పెన్సిలిను 1940 తరువాత మందుగా వాడుకలోనికి వచ్చెను. 1948 లో వెల్లడియైన ఆరియోమైసిను, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లే పరిశోధనశాలలో డగ్గరు కనిపెట్టినది. గుడివాడకు అనతిదూరమున బుట్టిన యొక తెలుగువాడు సుశ్రుతుని భయములలో నొకదానిని దీర్చుటలో పాలుపంచుకొన్నాడని మనము సంతోషింపవచ్చును.

ఇన్ని మార్పుల ఫలముగా నేటి దంతవైద్యశాలలో జరుగు కోతపనులు సామాన్యములైనవి. పిప్పిపట్టి మిగులరాని పంటిని దీయుట మొదటిది. సూదిమందుతో తావు మొద్దుబాఱిన తరువాత పంటిని ఎముకనుండి వదులుచేసి, పటకారుతో మెల్లగా కదలించి తీయుదురు. లాగు బలము తెలియును గాని నొప్పి తెలియదు. జ్ఞానదంతము ఎముకలో నడ్డముగా నిలిచినచో చిగురును చీల్చి, అడ్డునున్న యెముకను కొంచెము తొలచి, పంటిని ముక్కలుచేసి తీసి కుట్లు వేయుదురు. చీముగడ్డను కోసి చీమును వెడలించుట, పంటివేరు కొనయందలి తిత్తిని దీయుట, వేరుకొనను మాత్రము ఖండించి పంటిని నిలుపుట, నాలుకను గట్టిపెట్టిన పొరను విడదీయుట, కట్టుడుపండ్లకు అనువుగా దవడగట్టును నునుపుచేయుట, విఱిగిన దవడను పలకలతో బిగించుట మున్నగునవి తక్కినవి. స్వీడనుదేశపు బ్రోనెమార్కు 1965 లో తొలిసారిగా నొక మనుష్యుని దవడలో టైటానియము మేకులను నాటెను. ఆ లోహముతో ఎముక అతుకుకొనును గావున దానిపై క్రొత్త పంటిని నిలుపవచ్చును.

పన్ను దీసిన తరువాతి పథ్యమును గూడ చెప్పవలెను. నెత్తురు గడ్డకట్టుటయే మానుటకు మొదటి మెట్టు. కావున వైద్యుడు పెట్టిన గుడ్డను ముప్పావుగంట ప్రాంతము కఱచిపట్టవలెను. ఒకదినమువఱకు పుక్కిలింపరాదు, మాటిమాటికి ఉమియరాదు, వేడివస్తువులు త్రాగరాదు. చుట్టగాని బీడీగాని త్రాగరాదు. గడ్డ ఊడిపోయినచో ఎముక బయటపడి రెండు మూడు దినముల తరువాత భరింపరాని పోటు గలుగును. మధుమేహము, గుండెజబ్బు గలవారును, నెత్తురు పలుచన చేయు మందు వాడువారును ఆ సంగతిని ముందే వైద్యునకు జెప్పవలెను. ఆ మందును తమంతట తాము మానరాదు. సుశ్రుతుడు వెఱచిన రక్తస్రావము ఈ యెచ్చరికలు పాటించినవారికి నేడు సామాన్యముగా అదుపులోనుండును.

ఇక మూడవ ప్రశ్న: కంటి మాట యేమి? శరీరశాస్త్రము దీనిని స్పష్టముగా జెప్పుచున్నది. మెదడునుండి బయలుదేఱు పండ్రెండు జతల నరములలో చూపునకు సంబంధించినది రెండవది. పండ్లకు స్పర్శ నిచ్చునది అయిదవదానియొక్క శాఖలు. పన్ను దీసినప్పుడు తెగునవి పంటివేరు కొనయందలి సన్నని పోగులు మాత్రమే. చూపునరము వానికి దూరమున వేఱు త్రోవలో నున్నది. పైదవడకు సూదిమందు ఇచ్చినప్పుడు మందు కంటిగూటివైపు వ్యాపించి చూపు తాత్కాలికముగా తడబడుట మిక్కిలి యరుదుగా గలదు. మందు దిగినతోడనే అది సామాన్యముగా తీఱిపోవును. మఱి జనుల యనుభవమున నిజము లేదా యనిన, దానికొక సులభమైన సమాధానము కలదు. పండ్లూడు వయస్సును, కంటికి శుక్లములు వచ్చు వయస్సును ఒక్కటే. ఏబదియైదేండ్లకు పన్ను దీయించుకొని యేబదియేడేండ్లకు చూపు తగ్గినవాడు మొదటిదానిని రెండవదానికి గారణముగా దలచును.

అయితే సుశ్రుతుడు చూచినది కేవలము వార్ధక్యము గాకపోవచ్చును. పైదవడయందలి చీము ముఖములోని నెత్తురునాళములవెంట కన్ను మూలనుండి వెనుకకు ప్రాకి, మెదడు క్రిందనున్న రక్తకోశమును జేరుట కలదు. అచ్చట నెత్తురు గడ్డకట్టినచో కన్ను వాచి ముందునకు వచ్చును, చూపు పోవును, ప్రాణమును పోవచ్చును. క్రిములెఱుగని దినములలో చీముపట్టిన పంటిని బలవంతముగా పెఱికినప్పుడు ఇట్టి ప్రమాదములు సంభవింపగా, వైద్యుడు పెఱుకుటనే నిందించియుండును. అపరాధి చీము, నింద పటకారుపై బడినది. కనుక పంటికిని కంటికిని చుట్టఱికము లేకపోలేదు. కాని అది మనము నమ్మినదానికి సరిగా తలక్రిందులైనది. చెడిన పైపంటిని దీయించుకొన్నందువలన కన్ను పోదు. దీయించుకొనక చీమును పెంచుకొన్నందువలన పోవచ్చును. క్రిందిదవడ చీము గూడ తక్కువది గాదు. అది నాలుకక్రిందికిని మెడకును దిగి ఊపిరిని బంధించుటను 1836 లో జర్మనువైద్యుడు లుడ్విగు వర్ణించెను. నేటికిని ఆ వ్యాధి ఆయన పేరనే పిలువబడుచున్నది.

ఈ భయమునకు తోబుట్టువు మఱియొకటి కలదు. నోటిలో మానని పుండును వైద్యుడు పరీక్షకై రవంత కోసితీసినచో అది విజృంభించునని జనులు వెఱచుదురు. ఈ వెఱపు మొదటిదానికంటెను హానికరము. ఉత్తరాంధ్ర తీరమున స్త్రీలు నిప్పుకొనను నోటిలోనుంచుకొని అడ్డపొగ త్రాగు నలవాటు లోకమున నెచ్చటనోగాని కానరాదు. ఆ వేడికి అంగిలి చెడును. 1960 వ దశకమున టాటా పరిశోధనసంస్థవారు అయిదు జిల్లాలలో ఏబదివేలకుపైగా గ్రామస్థుల నోళ్లను పరీక్షించినప్పుడు శ్రీకాకుళము జిల్లాను ఆ అయిదింటిలో నొకటిగా నెన్నుకొనుట యందుచేతనే. మన డెల్టాలో చుట్టయు, ఇటీవల గుట్కాయు, ఖైనీయు ఆ పనిచేయుచున్నవి. మూడువారములలో మానని పుండును, తెల్లని యెఱ్ఱని మచ్చను, నోరు తెఱవరాకుండుటను ఉపేక్షింపరాదు. ముక్కను పరీక్షించుటవలన పుండు పెరుగదు. పరీక్షింపక విడిచిన మాసములలో పెరుగును. పెరిగిన తరువాత వైద్యుడు, తాను నడ్డుకొనుటకు బదులు, దవడనే తీసివేయవలసివచ్చును.

గిలకలదిండి వంటి రేవుపల్లెలో నీ విషయము పుస్తకచర్చ గాదు. మరపడవలో వేటకు బోయినవాడు కొన్నినాళ్లు కడలిపైనుండును. ఒడ్డున నున్నప్పుడు నొప్పిని లవంగముతోనో, వాకుడుగింజల పొగతోనో, దుకాణములో గొన్న మాత్రతోనో అడచిపెట్టి పోయినవానికి నడిసముద్రమున దవడ వాచినచో పడవ త్రిప్పుటకు తక్కినవారి కూలి అడ్డువచ్చును. పోగు పడిన వేట వదలుకొని వచ్చుట బీదవానికి చిన్న మాట కాదు. వెఱపుతోబాటు వెచ్చమును, పోయెడి దినపుకూలియు నాతని నాపుచున్నవని మనము మఱువరాదు. ఆతనికి ధైర్యము చెప్పినంతమాత్రమున చాలదు. వేట నిషేధింపబడు వేసవిదినములలో రేవుకడనే పంటిపరీక్షలు జరిపించుట, ప్రభుత్వ వైద్యశాలలో పన్ను దీయు సదుపాయము ఏ దినమున గలదో పల్లెలో చాటించుట మొదలగునవి స్థానికసంఘములు చేయదగిన పనులు.

బడిపంతుళ్లమైన మాకును ఇందు పాలు కలదు. పిల్లవాడు దవడ పట్టుకొని వెనుకబల్లమీద కూర్చున్నప్పుడు వానిని పాఠమెఱుగనివాడని కోపించుటకుముందు నోరు తెఱచి చూపుమనవలెను. శరీరశాస్త్రపాఠమున పండ్లకు ముప్పదిరెండని లెక్కచెప్పి విడువక, కంటినరమును పంటినరమును వేఱువేఱుగా నల్లబల్లపై గీసి చూపవలెను. ఆ బొమ్మను చూచిన పిల్ల యింటికి బోయి తన మామ్మతో "పన్ను దీయించుకో మామ్మా, కంటికేమియు గాదు" అని చెప్పును. సుశ్రుతుడు తన కాలమున దెలిసినంతలో సత్యమును బలికెను; తెలియనిదానికి వెఱచుమని శిష్యులను హెచ్చరించెను. ఆయన మాటపై గౌరవమున్నవారు, ఆయన యెఱుగనిది తెలిసిన యీ దినమున, ఆ హెచ్చరికను పెఱుకుటనుండి తొలగించి చీముపై నుంచవలెను.